భయపడ్డానని రాసిన సీనియర్

యూనివర్సిటీలో మాకొక రీసెర్చ్ సీనియర్ ఉండేవాడు. ఎవరు ఏ సినిమాను తిట్టినా, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నువ్వు చూసినవా?" అని అడిగేవాడు. చూడలేదంటే ఇక మాట్లాడేవాడు కాదు.

అరవైల చివర్లో సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంగ్లిష్ సినిమా మార్నింగ్ షో ఆడింది. అందులో దయ్యాలు లేవు, మనిషి మనసే భయపెడుతుంది. ఆయన మూడుసార్లు చూశాడు. పట్టపగలు తార్నాకలోని తన గదికి నడుస్తూ భయంతో వెనక్కి తిరిగి చూసుకున్నానని వ్యాసం రాసి తెచ్చాడు.

కాలేజీ పత్రిక సంపాదకుణ్ని నేనే. పెద్ద పేపర్ల విమర్శకులు ఆ సినిమాను చవకబారుదని కొట్టిపారేశారు. ఆ మాటే చెప్పి వ్యాసం తిరిగిచ్చేశాను.

"నువ్వు చూసినవా?"

"లేదన్నా. అంతమంది పెద్దవాళ్లు తెలియకుండా రాస్తారా?"

కోపంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు లాక్కుని వెళ్లిపోయాడు.

ఏడాది తిరక్కుండానే ఆ సినిమా మళ్లీ ఆడింది. ఈసారి అవే పేపర్లు దాన్ని ఆకాశానికెత్తాయి. సిగ్గు చంపుకుని తార్నాక వెళ్లి, వ్యాసం ఇవ్వమని అడిగాను.

"అది అప్పుడే చింపేసిన తమ్మీ."

"మళ్లీ రాయన్నా, తప్పకుండా వేస్తాను."

"ఏం రాయాలె? మొన్న పోయి మళ్ల చూసిన. ఈ సీన్‌ను ఎవరు మెచ్చుకుంటరు, ఎవరు తిడ్తరు అని అదే సోచాయించుకుంట కూసున్న," అని విసురుగా కిటికీ వైపు తిరిగాడు. "ఒక్కసారి గూడ భయం కాలె."