గులాబీ రంగు కోడిపిల్లలు, గుట్ట మీది గద్దలు

హోలీ రంగు వాసన తగిలితే అందరికీ ఆటలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఇప్పటికీ మెడ దానంతటదే పైకి లేస్తుంది, ఎక్కడ గద్ద తిరుగుతుందోనని.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం. దేవరకొండ దగ్గర మా ఊళ్లో, రాలిన వేపపూత మీద, ఆరేసిన మామిడి ఒరుగుల పుల్లటి వాసన మధ్య, నేనూ తమ్ముడూ కర్రలు పట్టుకుని కోడిపిల్లలకు కాపలా కూర్చునేవాళ్లం. తెల్లమెడ గరుడపక్షి కనబడితే లెంపలేసుకుని దండం పెట్టేవాళ్లం, గుట్ట మీది నుంచి నల్లగద్ద దిగితే రాయి అందుకునేవాళ్లం. అంతకుముందు తమ్ముడికి విషజ్వరం వచ్చినప్పుడు, తగ్గితే ఇంట్లో పెరిగిన పుంజునే ఇస్తానని అవ్వ మైసమ్మకు మొక్కింది; జ్వరం తగ్గింది గానీ మొక్కు బాకీ ఉండిపోయింది. కొన్నది పనికిరాదు. పొదిగించిన పిల్లల్ని పొదిగించినట్టే గద్దలు తన్నుకుపోతుంటే, తమ్ముడి ఒళ్లు కాస్త వెచ్చబడినా అవ్వకు ముద్ద దిగేది కాదు. నాకూ భయంగానే ఉండేది.

గద్దను ఏమార్చడానికి మా దిక్కున కోడిపిల్లలకు రంగు పూస్తారు. అందరూ పలుచగా పసుపు రాస్తే, మా అవ్వ హోలీకి మిగిలిన గులాబీ రంగు బకెట్లో కలిపి పిల్లల్ని ముక్కుదాకా ముంచి తీసింది. గద్ద సంగతి దేవుడెరుగు, తల్లికోడే వాటిని గుర్తుపట్టలేదు. దగ్గరికొచ్చిన పిల్లనల్లా పొడిచి తరిమింది.

"నీ పాడుగాను, నీ పిల్లలేనే గివి!" అని అవ్వ కోడిని తిట్టింది, బతిమాలింది. అది వింటేనా! చివరికి పిల్లల్ని కొంగులో పోసుకుని, నూకలు చల్లుతూ, ఒక కన్ను ఆకాశం మీదే పెట్టి, గద్దల ఏడుతరాలనూ తిడుతూ, రంగు వెలిసేదాకా తానే తల్లికోడై వాకిట్లో కూర్చుంది. దసరా నాటికి వాటిలో ఒకటి పుంజై కూసింది. దాన్ని మైసమ్మ దగ్గరికి తీసుకెళ్తుంటే అవ్వ చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు గుట్టను మిషన్లు తొలుస్తున్నాయి, చేలనిండా పురుగుమందు. కోడిపిల్లలు ఏ రంగూ లేకుండా నిశ్చింతగా తిరుగుతున్నాయి. నాకే ఆ ఖాళీ ఆకాశం కింద కాలు నిలవదు.

మొన్న ఊరికి పోయినప్పుడు కోడి ఒక్కసారిగా అరిచింది, పిల్లలు దాని రెక్కల కిందికి దూరాయి. పత్తిచేను మీద మందు కొట్టే డ్రోను ఎగురుతోంది. చూపు పోయిన అవ్వ మంచం మీద గబుక్కున లేచి కూర్చుంది.

"గద్దొచ్చిందా బిడ్డా?"

ఆ ముఖంలో ఎన్నాళ్లకో వచ్చిన వెలుగు చూసి నిజం చెప్పలేకపోయాను.

"ఆఁ, వచ్చిందవ్వా."

అవ్వ గొంతు సవరించుకుని, లేని గద్దను మనసారా తిట్టడం మొదలుపెట్టింది.