ఎవరన్నారో రాయమన్నాను

ఎవరైనా అన్న మాటను అన్నది అన్నట్టు ఇంగ్లీషులో రాసి, దానికి ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టడం తొమ్మిదేళ్ల పిల్లలకు నేర్పేసరికి తాతలు దిగొస్తారు. మొదటి గుర్తు పెట్టినవాళ్లు రెండోది మరిచిపోతారు. కామా ఎక్కడ పెట్టాలంటే సగం క్లాసు లోపలంటుంది, సగం బయటంటుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఇంట్లో విన్న మాటలు మూడు రాయాలి. ఎవరన్నారో పేరుతో సహా చెప్పాలి. బాగా రాసినవి గోడకు గుచ్చేదాన్ని. నాకు చాదస్తం ఎక్కువ. చాలాకాలం దాన్నే పనితనం అనుకున్నాను.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చి ఏడాది దాటింది. మావారికి టోంగాట్ చక్కెర మిల్లులో ఉద్యోగం దొరికి ఫీనిక్స్‌లో కాపురం పెట్టాం. అక్కడి బడిలో నాకు నాలుగో తరగతి ఇచ్చారు. అంతకుముందు ఇండియన్ పిల్లలే చదివిన ఆ బడికి ఇప్పుడు నది అవతలి రేకుల ఇళ్ల నుంచి జూలూ పిల్లలు కూడా నడిచి వస్తున్నారు. ఎన్నికలైపోయినా ఆ ఇళ్ల మధ్య రెండు పార్టీల చంపులాట ఆగలేదు. ఆ వార్తలు పేపర్లో చదివి, పేపరు మడిచిపెట్టి, బడికి వెళ్లిపోయేదాన్ని.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి అమ్మమ్మ దగ్గర, మేనమామ దగ్గర పెరుగుతోంది. నోట్లోంచి మాట రావడమే గగనం. ఆ అమ్మాయి రాసింది ఇంతే.

"నీ కొడుకుని మీటింగుకి పంపించు," అన్నాడు ఒకాయన.

"వాడు పనికి పోయాడు," అంది అమ్మమ్మ.

"ఈ ఇల్లు మాకు తెలుసు," అన్నాడు ఒకాయన.

ఒక్క గుర్తూ తప్పు పోలేదు. నా సంతోషం పట్టలేనిది. గుర్తులే చూశాను, మాటలు చదవలేదు. "ఒకాయన" కింద ఎర్రగీత గీసి, ఎవరని అడిగాను.

"ఆ పేరు చెప్పకూడదు, మిస్," అంది.

నాకు ముచ్చటేసింది. నేను ఇప్పటికీ మావారి పేరు నోటితో పలకను. ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసులో భర్త పేరు అడిగితే కాగితం మీద రాసిచ్చాను. గుమాస్తా నవ్వాడు. జూలూ కోడళ్లు కూడా మామగారి పేరు పలకరని పక్క క్లాసు పెద్ద టీచరమ్మ చెప్పింది. ఈ పిల్లదీ అలాంటి మర్యాదేననుకున్నాను. వీళ్లూ మనలాంటివాళ్లే కదా అని మురిసిపోయాను కూడా.

"నోటితో చెప్పొద్దులే. రాయి. రాస్తే చెప్పినట్టు కాదు," అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత "ఒకాయన" చెరిపేసి, రెండు చోట్లా పేరు రాసింది. నేను నక్షత్రం వేసి గోడకు గుచ్చాను. శనివారం తల్లిదండ్రుల సమావేశం. నది ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ వచ్చి, గోడలన్నీ చూసి, టీ తాగి వెళ్లారు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. పెద్ద టీచరమ్మ సుద్దముక్కల కోసం వచ్చి ఆ కాగితం ముందు ఆగిపోయింది. ఆమె ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు కూలికి వచ్చినవాడు. మామూలుగా మాట్లాడేది ఇంగ్లీషే, కోపమొస్తేనే తెలుగు బయటికొస్తుంది.

"ఏటమ్మా ఇది? ఈ నేమ్ గోడకి పెట్టేసినావా? తీసెయ్, నౌ నౌ తీసెయ్!"

"ఎవరతను?"

"అక్కడ అందరికీ బయ్యం వాడంటే. ఇల్లు కాల్చే మనిషి వాడు. ఇప్పుడు పిల్ల విట్‌నెస్ అయిపోయె. నీకేం తెల్దు, అమ్మా."

కాగితం పీకి పర్సులో కుక్కుకున్నాను, శనివారాన్ని వెనక్కి తెచ్చేదానిలా.

గురువారం అమ్మమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చింది. ఆదివారం ఇల్లు తగలబెట్టారట. కొడుకు బయటికి రాలేదట. ఇంగ్లీషూ జూలూ కలిపి, పక్కింటి సంగతిలా చెప్పింది. గోడ మీది కాగితం వల్లేనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కాదని ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందు ఏడవడానికి సిగ్గేసి ఆపుకున్నాను.

ఉండబట్టలేక పిల్లనే అడిగాను, "ఎవరొచ్చారమ్మా?" అని. అంత జరిగాక కూడా అదే ప్రశ్న అడిగాను. ఆ పిల్ల వెళ్లి అమ్మమ్మ వెనక నిలబడింది.

టీసీలో చేరబోయే బడి పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఏమని రాయమంటారని అడిగాను. ముసలామె నా చేతిలోని పెన్ను వైపు చూసి, "దూరం," అంది. ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. మనసులో కాస్త నొచ్చుకున్నాను కూడా.

పది రోజులకు ఆఫీసు గదిలో ఒకాయన నా కోసం కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ, మంచి మర్యాద. పిల్లకు బాబాయి వరసనని చెప్పి, తన పేరు కూడా చెప్పాడు. నా పర్సులోని కాగితం మీద రెండుసార్లున్న పేరు.

"ఏ బడికి పంపారు, మిస్?"

"నాకు తెలియదు," అన్నాను. ఫైలు తెప్పించుకుని చూశాడు. ఖాళీ గడి మీద వేలు పెట్టి, తల పైకెత్తి నన్ను చూశాడు. నా ముఖంలో అబద్ధం లేదు, ఎందుకంటే నాకు నిజంగానే తెలియదు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. ఆ చొక్కాకు, ఆ మర్యాదకు చెప్పేసేదాన్నేమో. ఆ ముసలామె నన్ను నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది.