హాయిస్ట్ గురించి చెప్పిన అమ్మాయి

2015లో, న్యూజిలాండ్‌లో చలికాలం మొదలవుతున్న రోజులు. హామిల్టన్‌లో నేను పనిచేసే కంపెనీ ఒక జూనియర్ టెస్టర్ కావాలని ప్రకటన ఇచ్చింది. మాది పాడి రైతుల కోసం సాఫ్ట్‌వేర్ తయారు చేసే చిన్న సంస్థ. ఏ ఆవుకు మందు వేశారు, దాని పాలు ట్యాంకులో కలవకుండా ఎన్నాళ్ళు ఆపాలి, ఇలాంటివన్నీ రైతు తన ఫోన్‌లోనే చూసుకుంటాడు. అందులో ఒక తేదీ తప్పు చూపిస్తే ట్యాంకెడు పాలు నేలపాలు. అలా జరగకుండా ముందే పరీక్షించి చూసేవాళ్ళే టెస్టర్లు. ఆ టీమ్‌కి నేను లీడ్‌ని.

టెస్టింగ్ అంటే బటన్లు నొక్కడమే కదా అని మా చుట్టాలు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. నొక్కేది బటనే, కాదనను. కాని దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా తప్పుగా నొక్కుతారో ముందే ఊహించాలి. అలా ఊహించి రాసుకున్న ఒక్కో పరీక్షను టెస్ట్ కేస్ అంటాం. కంప్యూటర్ సంగతులు ఎవరికైనా నేర్పించవచ్చు. ఏదో తేడా వస్తుందేమోనన్న బెంగ మాత్రం మనిషిలో ముందే ఉండాలి.

దరఖాస్తులు చాలానే వచ్చాయి. జూనియర్ ఉద్యోగమే అయినా 'కొంత అనుభవం ఉంటే మంచిది' అని ప్రకటనలో రాశారు. అందుకని హెచ్.ఆర్. వాళ్ళు అనుభవం లేనివాళ్ళను అక్కడే ఆపేసి, మిగిలినవి మాకు పంపారు. వాటిలో ప్రశాంతి అనే అమ్మాయి సి.వి. ఒకటి. భీమవరం దగ్గరి అమ్మాయి. ఇక్కడే ఐ.టి.లో డిప్లొమా చేసింది. హైదరాబాద్‌లో రెండేళ్ళు టెస్టింగ్ చేసినట్టు రాసింది. ఆ రెండేళ్ళ గురించి రాసిన పేరా చూడగానే నాకు నీరసం వచ్చింది. అదే పేరా, అవే మాటలతో, వేరే పేర్ల కింద అంతకుముందే చదివాను. కొత్తగా వచ్చిన మన పిల్లలు ఒకే ఫ్లాట్‌లో ఉంటూ ఒకే సి.వి.ని చేతులు మార్చుకోవడం నాకు తెలియనిది కాదు.

మా మేనేజర్ గ్రేమ్ పాడి రైతు కొడుకు, చలికాలంలో కూడా షార్ట్స్‌తోనే ఆఫీసుకొచ్చే మనిషి. నా అనుమానం అతనికి చెప్పాను. "రెఫరీలకు ఎలాగూ ఫోన్ చేస్తాం కదా, ముందు మనిషిని చూద్దాం" అన్నాడు. రెఫరీ అంటే మన గురించి సాక్ష్యం చెప్పే పాత అధికారి. న్యూజిలాండ్‌లో ఆ పేరు అలంకారానికి అడగరు. నిజంగానే ఫోన్ చేసి, తాపీగా అరగంట మాట్లాడతారు.

ఇంటర్వ్యూకి ప్రశాంతి నల్ల కోటు వేసుకుని వచ్చింది. ఆ కోటు ఎవరిదో గాని ఆమెది కాదు, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. హైదరాబాద్ అనుభవం గురించి అడిగితే అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది. మధ్యలో ఒక ప్రశ్న వేస్తే ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. నాకు ఒకవైపు జాలి, ఒకవైపు చిరాకు. గ్రేమ్ పెన్ను పక్కన పెట్టి, "అది సరే, ఇప్పుడేం పని చేస్తున్నావు?" అని అడిగాడు.

ఆమె తల దించుకుంది. "వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌ని. దానికీ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదని రాయలేదు."

"అక్కడ నువ్వు ఏం చేస్తావు?"

నడవలేని వాళ్ళను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చే యంత్రం గురించి చెప్పడం మొదలుపెట్టింది. దాన్ని హాయిస్ట్ అంటారు. బట్టతో కుట్టిన ఊయల లాంటి దానిలో మనిషిని కూర్చోబెట్టి పైకి లేపుతుంది. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత చేతులు కదిలాయి, ఆ పొడుగు కోటు చేతులు పైకి మడుచుకుంది కూడా. ఊయల కుట్లు వేలితో తడిమి చూస్తుందట. బ్యాటరీ దీపం పచ్చగా వెలిగినా నమ్మక ఖాళీగా ఒకసారి లేపి చూస్తుందట. మనిషిని కాస్త ఎత్తి ఆపి, వాళ్ళ ముఖం చూసి, అప్పుడు మిగతా ఎత్తు లేపుతుందట.

"దీపం పచ్చగా ఉంటే బాగున్నట్టే కదా?" అన్నాను నేను కావాలని.

"దీపం బ్యాటరీ గురించే చెబుతుందండి. గాలిలో ఉన్న మామ్మగారి భయం గురించి చెప్పదు కదా" అంది. ఇంగ్లిష్‌లోనే అంది గాని, ఆ 'అండి' మాత్రం తెలుగులోనే వచ్చేసింది.

గ్రేమ్ నావైపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా కొత్తవాళ్ళకు నేను నేర్పాలని తంటాలు పడేది ఈ అమ్మాయికి రోజూ చేసే పని. ఆమె వెళ్ళాక గ్రేమ్ బల్ల మీద తట్టి, "మనకు కావలసింది ఈ అమ్మాయే" అన్నాడు. నాకూ ఆనందమే, కాని రెఫరీ ఫోన్ ఇంకా మిగిలే ఉంది.

మర్నాడు గ్రేమ్ హైదరాబాద్‌కి స్పీకర్‌లో ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. అవతలి పెద్దమనిషి తొణక్కుండా అందుకున్నాడు. "అతను చాలా మంచి కుర్రాడు, మా టీమ్‌లో అందరికన్నా కష్టపడేవాడు" అన్నాడు.

"మేం అడుగుతున్నది ఒక అమ్మాయి గురించి" అన్నాడు గ్రేమ్.

"ఆఁ, ఆమె కూడా చాలా మంచిది" అన్నాడాయన.

ఇంకో చోటైతే పగలబడి నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. గ్రేమ్ మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"ఇలా మా వాళ్ళు ఒకరిని చూసి ఒకరు చేస్తారు. ఆ పేరా తీసేసి మళ్ళీ దరఖాస్తు చేయమందామా?" అని అడిగాను.

గ్రేమ్ తల అడ్డంగా ఊపాడు. "టెస్టర్ 'ఇది పరీక్షించాను, బాగుంది' అంటే మనం నమ్మి రైతుకు పంపిస్తాం. ఆ మాట తప్ప టెస్టర్ దగ్గర ఇంకేముంది? వృద్ధాశ్రమం సంగతి మొదటి పేజీలో రాసి ఉంటే నేనే ఎదురెళ్ళి పిలిచేవాణ్ణి" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, అందుకే నేను వాదించలేకపోయాను.

సాయంత్రం రోటోటూనాలో మా ఇంటి ముందు కారు ఆపి, అందులోనే కూర్చుని ప్రశాంతికి ఫోన్ చేశాను. హెచ్.ఆర్. వాళ్ళు ఒక ముక్క మెయిల్ పంపి ఊరుకుంటారని తెలుసు. దానికి నా మనసొప్పలేదు. ఈ ఉద్యోగం రాలేదని నేనే చెప్పాను.

"ఇంటర్వ్యూలో ఏం తప్పు చెప్పానాంటీ?" అంది. నాకింకా నలభై కూడా రాలేదు, ఇంకో రోజైతే ఆ 'ఆంటీ'కి చురక వేసేదాన్ని.

"ఇంటర్వ్యూలో ఏ తప్పూ లేదమ్మా. నీకే ఇద్దామనుకున్నారు" అని, ఫోన్‌లో జరిగింది చెప్పాను.

"చర్చిలో ఒక అన్నయ్య ఫార్మాట్ ఇచ్చాడండి. మా ఫ్లాట్‌లో అందరూ అదే పెట్టుకున్నారు. మా అక్కయితే, ముసలాళ్ళకి స్నానాలు చేయిస్తున్నానని రాస్తే ఐ.టి. వాళ్ళు నవ్వుతారే అంది." ఆమె ఏడుస్తోంది. "వీసా ఇంకో నెలన్నరేనండి. కోర్సుకి తగ్గ జాబ్ దొరక్కపోతే వెళ్ళిపోవాలి. ఒక మాట చెప్పండాంటీ. నిజం రాసుంటే నన్ను అసలు ఇంటర్వ్యూకి పిలిచేవారా?"

పిలిచేవారు కాదు. గ్రేమ్ పిలిచేవాణ్ణి అన్నాడు గాని, అసలు ఆ కాగితం అతని బల్ల దాకా వచ్చేదే కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "పిలిచేవాళ్ళు కారమ్మా" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మరైతే నేనేం చేయాల్సిందండి?" అంది.

ఆ తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా రెండు మూడు కంపెనీల్లో ఆమె గురించి అడిగాను. ఈసారి సి.వి. ఇద్దరం కూర్చుని రాశాం, హాయిస్ట్‌తో మొదలుపెట్టి. డునెడిన్‌లో ఒక కంపెనీ వాళ్ళు బాగుంది, మాట్లాడతాం అన్నారు. వాళ్ళు మాట్లాడేలోపు ఆమె వీసా అయిపోయింది. వెళ్ళే ముందు ఫోన్ చేసి, తను చూసుకునే మామ్మగారు కొత్త అమ్మాయితో హాయిస్ట్ ఎక్కనంటున్నారని చెప్పి మళ్ళీ ఏడ్చింది. ఉద్యోగం రానందుకు కన్నా ఆ రోజే ఎక్కువ ఏడ్చిందనిపించింది నాకు.

ఈ వృత్తిలో అనుభవం అంటే ఏమిటో నాకు ఆమె నేర్పింది. ఆఫీసులో కూర్చుని చేసినదే అనుభవం అని మేం గీత గీశాం. ఆ గీత చూసి ఆ పిల్ల తన దగ్గరున్న అసలు అనుభవాన్ని సిగ్గుపడి దాచేసింది. మరుసటి ఏడు గ్రేమ్, నేను పట్టుబట్టి ప్రకటనలో ఆ 'అనుభవం' మాట తీయించాం. దాని బదులు, 'మీరు ఇప్పుడు ఏ పని చేస్తున్నా సరే, అందులో ఒక పొరపాటు జరగకుండా ఎలా చూసుకుంటారో రాయండి' అని పెట్టించాం. పెట్రోల్ బంకులో పనిచేసే పిల్లలు, రెస్టారెంట్ వంటింట్లో పనిచేసే పిల్లలు రాశారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఇప్పుడు నేనే అడుగుతాను. కొందరు జవాబు చెప్పే ముందు తల దించుకుంటారు. వాళ్ళు మళ్ళీ తలెత్తేదాకా నేను ఆగుతాను. ప్రశాంతి కోసం రాయించిన ప్రశ్న అది, ప్రశాంతిని తప్ప అందరినీ అడిగాను.