రెండు వాక్యాల అర్జీ

తాండూరు నుంచి వికారాబాద్ వెళ్లే బస్సులో, పక్కసీట్లో కూర్చున్న ఆవిడ నాలుగు పేజీల అర్జీ నా చేతికిచ్చింది. "సారూ, గింత పొడుగుంటే సదవం అని ఆఫీసుల వాపస్ ఇచ్చిండ్రు. జర చిన్నగ చెయ్యి."

పత్రికలో వార్తలు కుదించడమే నా పని. ఆమె భర్త ప్రమాదం జరిగిన పొద్దున తినకుండా పనికి పోవడం, బండ కింద నలుగుతూ రెండుసార్లు ఆమె పేరు పిలవడం, అన్నీ కొట్టేశాను. మిగిలింది కొత్త కాగితం మీద రాసి, గర్వంగా చదివి వినిపించాను: "నాపరాళ్ల గనిలో బండ పడి నా భర్త చనిపోయాడు. విచారణ జరిపించగలరు."

ఆమె పాత కాగితాలు తీసుకుని, నేను కొట్టేసిన గీతల మీద వేలు పెట్టింది.

"రెండు మాటలల్ల సంపినవ్ సారూ," అంది. "గిదైతే సదువుతరా?"

"చదువుతారు," అన్నాను.

వికారాబాద్‌లో దిగుతూ, కొత్త కాగితం తీసుకుని, ఆ పాత కాగితాలు నా ఒడిలో పెట్టింది.

"గివి ఇగ నువ్వే పారెయ్యి."