గోల్‌కీపర్‌కి ఇచ్చిన తువ్వాలు

మా ప్రత్తిపాడు ఫుట్‌బాల్ జట్టు పక్కూరి మీద గెలిచి తొమ్మిదేళ్లయింది. మూడేళ్ల కిందట వేసవిలో జరిగిన మ్యాచ్‌లో మాత్రం ఒక గోల్‌తో ముందున్నాం. ఇంకా పది నిమిషాల ఆట ఉంది. మా ఆవిడ తమ్ముడు దానియేలు గోల్‌కీపర్. నేను గోల్ వెనకే నిలబడ్డాను.

చెమట కళ్లలోకి కారుతుంటే, "బావా, ఆ తువ్వాలు ఇటు పడెయ్" అన్నాడు దానియేలు. భుజం మీదది తీసి ఇచ్చాను. అతను మొహం గట్టిగా తుడుచుకున్నాడు. పొద్దుటినుంచి కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఘాటుకు ముక్కుకు కట్టుకున్న తువ్వాలు అదేనని అప్పుడు గుర్తొచ్చింది. దానియేలు కళ్లు పట్టుకుని కూలబడ్డాడు. ఆట ఆపమని అరిచాను. రిఫరీ వినిపించుకోలేదు. మాకు ఇంకో గోల్‌కీపర్ లేడు. వరసగా రెండు గోల్స్ పడ్డాయి.

"ఒరేయ్, పక్కూరోళ్లు పదకొండు మందే అనుకున్నాంరా. పన్నెండోవాడివి నువ్వన్నమాట" అన్నాడు మా కెప్టెన్, అందరి ముందూ.

తువ్వాలు అడిగింది దానియేలే. ఆ మాట అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నాతో మాట్లాడడం కూడా మానేశాడు. రిఫరీ మీద పోటీలు నడిపే కమిటీకి మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఈ వేసవిలోనూ మ్యాచ్‌కి వెళ్లాను. గోల్ దగ్గరికి రానివ్వకపోతే దూరంగా కూర్చున్నాను. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఈసారి నా తప్పేమీ లేదని ఒక్కరైనా అంటారేమోనని అందరూ వెళ్లేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ అనలేదు. ఇక అంటారని కూడా అనుకోను.