తాడు, దోర్, రస్సీ

మా వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను మరాఠీ ప్రాంతంలోని తుకుంలో, మా గోదాములో, తాళ్ల కట్టలు దింపిస్తున్నాను. "మీ వదిన పోయింది తమ్మీ. నిద్రలనే," అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, మిగతా కట్టలు కూడా దింపించాను. ఎందుకలా చేశానో తెలియదు. ఏడుపు ఇంకా రాలేదు.

తాళ్లు, తట్టలు, పారలు అమ్మే వ్యాపారం మాది. సరుకంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పట్టుబట్టింది వదినే. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆమె సుద్దముక్కతో గోడ ముందు నిలబడింది. "ముందుగాల ఈడ కుదరనియ్యి. గోడ మీద కుదరనిది అండ్ల కుదురుతదా?"

చిక్కంతా పేర్లతోనే. మేం తాడు అంటాం, మరాఠీవాళ్లు దోర్ అంటారు, లారీవాళ్లు రస్సీ అంటారు. మూడూ మూడు సరుకులుగా ఎక్కాయి. తాడు అయిపోయిందని కొత్తది తెప్పిస్తే, రస్సీ పేరుతో అదే సరుకు వెనక మూలన గుట్టపడి ఉంది. వదిన పడీ పడీ నవ్వింది.

తర్వాత గడులు గీసింది. "సరుకు ఒక్కటే, నంబర్ ఒక్కటే. పేర్లు పక్క గడిల పెట్టు, ఎన్నన్న రానీ. ఎవలు ఏ పేరుతోని అడిగినా గా సరుకు కాడికే పోవాలె." ఏ వరుసలో, ఏ అరలో ఉందో ఇంకో గడి. వచ్చింది, పోయింది మరో గడి. "ఎంత మిగిలిందో చేత్తోని రాయకు. వచ్చిన దాంట్లకెల్లి పోయింది తీస్తే అదే తెలుస్తది."

చేతులు కొంగుకే తుడుచుకునేది. ఆమె ఏ చీర చూసినా కొంగున తెల్లటి మరకే. పని మొదలుపెట్టే ముందు ఆలోచించడం నాకు నేర్పింది ఆమే. ఆ మాట ఆమెతో అనలేదు.

సగం సరుకు ఎక్కేసరికి ఆమె లేదు. దినాలయ్యాక గోదాము తెరిచాం. అన్న ఆ గోడ వైపు చూడలేకపోయాడు. సున్నం బకెట్ తెచ్చి, "ఏసేద్దాం తమ్మీ. ఈ పని ఇగ బంద్ చేద్దాం," అన్నాడు.

అప్పుడే దగ్గర్లోని భద్రావతి నుంచి ఒక దుకాణదారు వచ్చి, "వహినీ కుఠే ఆహేత్?" అని, వదిన ఎక్కడని మరాఠీలో అడిగాడు. పోయిందని చెప్పాను. కాసేపటికి లారీ డ్రైవర్, "భాభీ కహాఁ హై?" అని అదే మాట హిందీలో అడిగాడు. అతనికీ అదే చెప్పబోయాను. ఈసారి ఏడుపు వచ్చేసింది.

అన్నే చెప్పాడు. చెప్పి, బకెట్ బయట పెట్టి వచ్చి, కంప్యూటర్ ముందు నా పక్కన కూర్చున్నాడు. "తర్వాత ఏ సరుకు?"

గోడ మీద పేర్ల గడిలో, రస్సీ కింద, ఇంకా రాబోయే పేర్ల కోసం ఆమె వదిలిన జాగా అలాగే ఉంది.