రెండు ఎనిమిది నుంచి రెండు నాలుగు దాకా

ఖమ్మం ఖానాపురం హవేలిలోని నా కిరాయి గదిలో, బల్ల మీద ఉన్నవి ఇవి: జబ్బ చుట్టుకొలత తీసే టేపు, బరువు తూచే యంత్రం, వేలు పొడిచే సూదుల డబ్బా, వాసన గుప్పుమనే స్పిరిట్ సీసా, మీ పొయ్యి ఎలాంటిది, నిన్న ఏం తిన్నారు అని పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్నల కాగితాలు, ఒక ఆకుపచ్చ గాజు. గాజు నేను చేసే పోషకాహార సర్వే సామాను కాదు. మా చిన్నమ్మది.

మా ఊరు భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట. చిన్నాయన పెళ్లై వేంసూరు నుంచి చిన్నమ్మ వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. గాజుల సాయిబు ఏడాదికి మూడుసార్లు, ముక్కోటికి, నవమికి, శ్రావణానికి, ఖమ్మం నుంచి వచ్చేవాడు. కొత్తలో చిన్నమ్మ చేతికి రెండు ఎనిమిది సైజు, అదీ సబ్బు రాస్తేనే ఎక్కేది. మరుసటి ఏడు అంతకంటే చిన్నవి, రెండు ఆరు.

“చూసిండ్రా, మా కోడలు చెయ్యి ఎంత నాజూకైందో!” అని నాయనమ్మ వాడకంతా చూపించింది. అందరం మెచ్చుకున్నాం.

ఎండాకాలం వాకిట్లో ఆరబోసిన ఇప్పపూల తియ్యటి మత్తు వాసన, తునికిపళ్లు, తొలకరికి వెదురు కొమ్ముల కూర, చలికాలం మిరప కల్లాల ఘాటుకి తుమ్ముతూ తిన్న ఎండుచేపల పులుసు, నవమికి వడపప్పు, పానకం, వీటిలో చిన్నమ్మ చెయ్యి పడనిది లేదు. కిటికీ లేని వంట కొట్టంలో, తడి కట్టెల పొగలో దగ్గుతూ వండేది. తినే వరుస మాత్రం వేరు: మగవాళ్లు, నేను, నాయనమ్మ, అమ్మ, చివర చిన్నమ్మ. ఆ వేళకు గిన్నె అడుగున నాలుగు మెతుకులు, గంజి, పచ్చిమిరపకాయ మిగిలేవి.

నేను ఆరో తరగతికొచ్చిన ఏడు చిన్నమ్మ కడుపుతో ఉంది. ఆమె పేరు మీద అంగన్‌వాడీలో వారానికి రెండు గుడ్లు ఇచ్చేవారు. తెచ్చేది నేను. ఉడకబెట్టేది చిన్నమ్మ. తినేది నేను.

“కడుపుల పిల్ల పెద్దగైతే కానుపు కష్టమైతది. నువ్ తినురా, సదువుకునేటోనివి” అనేది నాయనమ్మ.

“తిను నాన్నా, నాకా వాసన పడదు” అనేది చిన్నమ్మ.

ఒకరోజు కొట్టం వెనక ఆమె, నేను పారేసిన పెంకులకు అంటుకున్న తెల్లసొనను గోటితో గీరి తింటూ కనిపించింది. పరుగెత్తి వెళ్లి అందరికీ చెప్పాను.

“ఇంట్లకు పిల్లి వచ్చిందేంది!” అంది నాయనమ్మ. ఇల్లంతా నవ్వింది. చిన్నమ్మా నవ్వింది. ఆ తర్వాత గుడ్డు తిన్నాక పెంకుల్ని మట్టిలో మడమతో నలిపేవాణ్ణి. అది నాకొక ఆట.

శ్రీమంతానికి సాయిబును పిలిచారు. సబ్బు అడగలేదు. రెండు నాలుగు గాజులు డజను డజను చొప్పున జర్రున ఎక్కాయి. సాయిబు ఆమె చెయ్యి వదలకుండా, కంటి కింది రెప్ప లాగి చూశాడు.

“అమ్మా, గిది నాజూకు కాదు. నెత్తురు లేదు బిడ్డకు. జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి.”

“గాజులమ్మెటోనివి గాజులమ్ము సాయిబూ. డాక్టరీ ఎప్పుడు సదివినవ్?” అంది నాయనమ్మ.

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నొప్పులు మొదలయ్యాకే దవాఖానాకు తీసుకెళ్లారు. “నాలుగు గ్రాములే ఉంది రక్తం, పదకొండన్నా ఉండాలె. ఇన్ని నెల్లు ఏం చేసిండ్రు?” అని నర్సు అరిచింది.

“శ్రీమంతం చేసినమమ్మా” అంది నాయనమ్మ, నిజంగానే గర్వంగా.

రక్తం దొరికేలోపు తల్లీ బిడ్డా పోయారు. ఇంటి నుంచి ఆఖరిసారి ఎత్తినప్పుడు చిన్నమ్మ చెయ్యి వేలాడింది. ఒక గాజు జారి మట్టిలో పడింది. పగల్లేదు. నేను తీసుకున్నాను.

ఇప్పుడు వంట కొట్టం లేదు, గ్యాసు పొయ్యి ఉంది. సాయిబు రావడం మానేశాడు. నాయనమ్మ పోయింది, కోడలి చెయ్యి ఎంత నాజూకో చివరిదాకా చెబుతూనే.

సర్వే శిక్షణలో మొదటి రోజు ఎవరి వేలు వాళ్లే పొడుచుకుని రక్తం చూసుకోమన్నారు. మా జట్టు మొత్తంలో నాదే ఎక్కువ.

పదహారు గ్రాములు.